రాయి దాటిపోయిన వారం

ఇప్పటికీ గా పెద్దమనిషి ఎదురైతే నేను నమస్తే పెట్ట. పెట్టనంటే పెట్ట. ముసలోడయిండు, పోనీ బిడ్డా అంటది అవ్వ. అవ్వ పోనిస్తది, నేను పోనియ్య.

మాది బోధన్ పక్క చెరుకు ఊరు. నన్ను కన్న అవ్వ, బాపు ఇద్దరు చెరుకు కొట్టే కూలీలు. నేను నిజామాబాద్‌ల ఒక ప్రైవేటు బడిల సైన్సు చెప్తుంటి. తొంభైల ఆఖర్ల ముచ్చట ఇది. అవ్వకు నీటికాసులు, కంటి జబ్బు. ఎడమ కన్ను అప్పటికే పోయింది, కుడికంట్ల కొంచెం చూపు మిగిలింది. డాక్టరు సాఫ్‌సీదా చెప్పిండు: "చుక్కల మందు ఆపొద్దు. గీ నెలలనే ఆపరేషన్ కావాలె. ఈ జబ్బుల పోయిన చూపు మళ్ల రాదమ్మా." తారీఖు గూడ ఇచ్చిండు.

గదే వారం పేపర్ల ఒక మూలకు చిన్న వార్త పడ్డది. సూర్యుని చుట్టూ తిరిగే చిన్న రాయి ఒకటి భూమికి దగ్గరికెల్లి పోతదని. దగ్గరంటే చందమామ కంటే ఎన్నో రెట్లు అవుతల. గా సంగతి కిందనే రాసిండ్రు. కని కిందిదాక చదివినోడెవ్వడు? హోటల్ కాడ చదివినోడు సగం చదివిండు, విన్నోడు పావు విన్నడు. రెండొద్దులల్ల జనం నోట్ల మా ఊరి మీద రాయి పడనే పడ్డది. "గోదారికి అవుతల పడ్తదా, ఇవుతల పడ్తదా?" అని నన్నే అడిగిండొకడు, బస్సు ఎక్కడ ఆగుతదని అడిగినట్టు.

మా వాడ ప్రార్థన సంఘానికి ఒక పెద్దమనిషి ఉండె. పాస్టరయ్య పట్నం నుంచి ఆదివారానికే వచ్చేటోడు. ఆయన మంచోడే, ఆపరేషన్ చేయించుకోమనే చెప్పిండు. కని పెద్దమనిషి దినాం ఉండేటోడు. రాయి దాటేదాక వాడంతా ఉపాస ప్రార్థన అన్నడు. ఎవ్వలు ఊరు దాటొద్దన్నడు. ఉపాసంల మందు ముట్టొద్దు, ముడితె విశ్వాసం లేనట్టే అన్నడు. అవ్వ తలకాయ ఊపి, చుక్కల సీసా తీసి గూట్ల పెట్టేసింది.

నాకు ఎరుకై ఉరికొచ్చిన. "అవ్వా, గానుగెద్దును చూడలేదా నువ్వు? చుట్టు తిరుగుతది, మన పక్కపొంటే పోతది, మీదికైతే రాదు. దాని బాట దానికుంటది. గా రాయికి గూడ గంతే. ఎప్పుడొస్తదో, ఎంత దూరంకెల్లి పోతదో లెక్క కట్టి పెట్టిండ్రు."

అవ్వ అంతా ఇన్నది. "ఎద్దు తాడు తెంపుకుంటె?" అన్నది.

"రాయి తెంపుకోదే!"

"నువ్వు పోయి సూసినవా?"

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆఖరికి అవ్వ మనసుల మాట చెప్పింది: "నేనొక్కదాన్ని ఉపాసం ఇడిస్తె, రేపేమన్నయితె వాడంతా నా మొకాన ఉమ్ముతరు బిడ్డా." బాపును పట్టుకున్న. "పెద్దలు చెప్పినంక మనమెంత" అని బీడీ ముట్టిచ్చిండు.

పెద్దమనిషి ఇంటికి పోయిన. నేను పోయెటాలకు మోకాళ్లకు తైలం రుద్దుకుంటుండు! వాసన వాకిట్లకే కొట్టింది. "అవ్వనొక్కదాన్ని ఇడువున్రి, డాక్టరు తారీఖు ఇచ్చిండు" అని బతిమాలిన. చదువుకున్న పొగరన్నడు. మరి మీ చేతుల ఉన్నదేందంటె, "గిది మీదికెల్లి పూసేది, నోట్లకెల్లి పోదు" అన్నడు. "కంట్ల ఏసేది నోట్లకెల్లి పోతదా?" అని ఒర్రిన. బయటికి నడువుమన్నడు. గా తైలం వాసన ఇప్పటికీ నాకు పడది.

తారీఖు దాటిపోయింది. ఉపాసంల ఉండంగనే అవ్వకు కన్నునొప్పి లేసిందట, తల పగిలిందట, వాంతులయినయట. ఎవ్వలకు చెప్పలే. మోకాళ్ల మీద కూసోని ప్రార్థనే చేసింది. రాయి దాని దారిన అది పోయింది, ఒక్కల పెంకు గూడ పలగలే. తెల్లారి అవ్వను నిజామాబాద్ తీస్కపోతె, డాక్టరు లైటు పెట్టి చూసి, నా దిక్కు చూసి, తలకాయ అడ్డం ఊపిండు. గా రాయి మళ్ల ఎన్నేండ్లకు తిరిగొస్తదో గూడ పేపర్ల రాసిండ్రు, థూ!

పాస్టరయ్య రాని రోజు చూసి కృతజ్ఞత కూడిక పెట్టిండ్రు. వద్దే అవ్వా అంటె ఇనలే. చెయ్యి పట్టుకొని తీస్కపోయి సాప మీద కూసోబెట్టిన. మన ప్రార్థనకు రాయి తప్పుకున్నదని పెద్దమనిషి చెప్తుంటె అందరు చప్పట్లు కొట్టిండ్రు. "మందు గూడ ముట్టకుండ నిలబడ్డ తల్లి ఇప్పుడు సాక్ష్యం చెప్తది" అని అవ్వను పిలిచిండు.

అవ్వ లేసింది. కొంగు సదురుకొని చేతులు జోడించింది. "దేవునికి స్తోత్రం" అని మొదలువెట్టింది, గోడ దిక్కు తిరిగి.

ఒక్కలు లేసి ఆమెను తిప్పలే. పెద్దమనిషి గూడ. అవ్వ గోడకు సాక్ష్యం చెప్తనే ఉన్నది. నేను పోయి ఆమె భుజాలు పట్టుకొని తిప్పిన.

"గిటు తిరుగవ్వా. మనుషులు గిటు దిక్కున్నరు."