ఎడమ చక్రానికి జరం

మా బావ చనిపోయాడు. ఈ సంగతి ఇంకా అందరికీ తెలియదు. వనపర్తిలో మా అక్క ఇంటికి ఇప్పటికీ కిరాయి కోసం ఫోన్లు వస్తున్నాయి. "కారున్నదా?" అంటారు. "కారున్నది, ఆయన లేడు" అంటుంది అక్క. "మరెప్పుడొస్తడమ్మా?" అని అడుగుతారు. అక్క రిసీవర్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోతుంది. ఒక్కొక్కరికీ చెప్పలేక నా నోరు నొస్తోంది. అందుకే అందరికీ ఒకేసారి రాసి పారేస్తున్నాను.

బావకు ఒక పాత తెల్ల కారు ఉండేది. పెళ్లిళ్లకు, దవాఖానలకు, శ్రీశైలానికి దాన్నే కిరాయికి తిప్పేవాడు. ఎంత దూరం పోయి వచ్చినా దిగగానే అన్నం అడిగేవాడు కాదు. ఒక్కో చక్రం దగ్గర గొంతుక్కూర్చొని, పసిపిల్లల నొసలు చూసినట్టు చెయ్యి ఆనించేవాడు. ఏదైనా చక్రం తక్కినవాటికంటే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోందని లెక్క. "ఎడమ చక్రానికి జరమొచ్చిందే" అనేవాడు అక్కతో. "నాకొచ్చిన్నాడు గింత తొందరగ చూసినవా?" అనేది అక్క. అప్పుడు ఆయన నవ్విన నవ్వు నా చెవిలో ఇంకా ఉంది.

దూరం కిరాయికి బయలుదేరేటప్పుడు అందరిలాగే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాడు. పెట్టి, "నిమ్మకాయలు సాగనంపుతయి. ఆపేది మాత్రం బ్రేకు ప్యాడే" అనేవాడు.

పోయిన నెల ఆ ప్యాడ్లే అరిగిపోయాయి. ఎడమవైపుదైతే మందమంతా పోయి, వెనక ఉండే ఇనుపరేకు, చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కును గీరేసింది. కారు బాగుచేసే మేస్త్రీ చక్రం విప్పి చూసి, "కొత్త ప్యాడ్లేస్త. డిస్కును లేతు మిషను మీద జర గీకిస్త, అయిపాయె" అన్నాడు. మా వైపు అందరూ చేసేది అదే. జీపుల డ్రమ్ములను గీకించి గీకించి వాడినవాళ్లం, డిస్కుకూ అదే వైద్యం చేస్తాం. బావ డిస్కు మీద గోరు ఆనించి అటూ ఇటూ లాగాడు. గోరు గాడిలో దిగి ఆగిపోయింది. అంచు చుట్టూ గట్టు లేచి ఉంది.

"ఇది నిరుడే లేతుకు పోయొచ్చింది. ఇంకోపారి గీకితే పల్చగైతది. శ్రీశైలం ఘాటు రోడ్డు దిగేటప్పుడు కాగితే బ్రేకు పట్టదు. రెండు దిక్కుల కొత్తయే ఎయ్యాలె."

"గింత చూస్తే కార్లు నడుస్తయా అన్నా?"

"నడుస్తయి. ఆగయి."

కొత్త డిస్కులు వనపర్తిలో దొరకలేదు. గద్వాలలో అడిగిస్తే అక్కడా లేవు. హైదరాబాదు నుంచి బస్సులో పార్సిలు రావాలి. అందాకా బావ చక్రాలు విప్పి కారును వాకిట్లో రాళ్ల మీద నిలబెట్టేశాడు.

ఖిల్లా ఘణపూర్‌లో ఉండే మా పెద్దమ్మకు మనవడి పుట్టువెంట్రుకలు శ్రీశైలంలో తీయించే మొక్కు ఉంది. కారు రాదన్నందుకు ఇంటిమీదికొచ్చింది. "కారు కొన్నడు గని గుండె కొనలేదే నీ మొగుడు" అని అక్కను పట్టుకొని వాడంతా వినేటట్టు అరిచింది. బావ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. "పోరగాడు ఎక్కుతడు గదత్తా, గందుకే" అన్నాడు. ఆమె నీళ్లు తాగి, వేరే కారు మాట్లాడుకొని పోయింది.

ఆ వారంలోనే ఒక పొద్దున బావకు ఛాతీలో నొప్పి మొదలైంది. ఒళ్లంతా చెమట. వీధి చివరి డాక్టరు చూసి, వెంటనే మహబూబ్‌నగర్ తీసుకెళ్లమన్నాడు. ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్సులు మా వైపు ఇంకా రాలేదు. పెళ్లిళ్ల రోజులు, ఊళ్లో కార్లన్నీ బయటే ఉన్నాయి. మేస్త్రీ పరుగెత్తుకొచ్చి, "పాత డిస్కు మీదనే ప్యాడ్లు దొబ్బి చక్రం బిగిస్తనన్నా, ఎంతసేపు?" అన్నాడు. అక్క బావ కాళ్లు పట్టుకుంది. ఆయన కళ్లు మూసుకొనే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"వద్దే. దాంట్ల మీరంత కూసుంటరు. ఆటో పిలువు."

ఆటో పిలిచాం. కొత్తకోట దాటాక ఆయన తల నా భుజం మీద వాలింది. నిద్రపోయాడేమో అనుకున్నాను. అప్పటికే అయిపోయింది.

ఆ దారిలో ఘాటు లేదు, దిగుడు లేదు. చదునైన రోడ్డు. పాత డిస్కుతో మెల్లగా పోయినా ఆటో కంటే ముందే చేరేవాళ్లం. చేరితే బతికేవాడా? తెలియదు. తెలియకపోవడమే నన్ను నమిలేస్తోంది. పోయిన మనిషి మీద ఇంత కోపం వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. నీ పట్టుదల పాడుగాను, ఆ ఒక్కరోజు విడిచిపెడితే ఏం పోయేది బావా?

శవం దగ్గర పెద్దమ్మ అందరికంటే ఎక్కువ ఏడ్చింది. "ఎంత పైలమైన డ్రైవరుంటివి కొడుకా!" అంది. మిగతావాళ్లూ అదే మాట. ఈ మెప్పంతా ఇన్నాళ్లు ఏ అటకమీద దాచారో! నేను మాత్రం ఒకటే చెప్తాను. ఆయన నడుపుతుంటే వెనక సీట్లో నిద్రపోతూ ఎన్నిసార్లు ఘాటు దిగానో, ఒక్కసారీ ఉలిక్కిపడి లేవలేదు. అది నాకు ఆయన ఇచ్చింది. ఇప్పుడు ఏ కారెక్కినా నిద్ర పట్టడం లేదు.

మూడొద్దుల నాడు డిస్కుల పార్సిలు వచ్చింది. మేస్త్రీ ఎవరినీ అడగలేదు. కొత్త డిస్కుల మీది నూనెను పెట్రోలు గుడ్డతో తుడిచి, ప్యాడ్లు వేసి, కారును రాళ్ల మీది నుంచి దించాడు. కూలి మాటెత్తితే కళ్లెర్రజేశాడు.

అస్థికలు కలపడానికి ఆ కారులోనే బీచుపల్లి పోయాం. నేను నడిపాను. అక్క పక్కన కూర్చొని కుండను ఒళ్లో పెట్టుకుంది. కృష్ణ ఒడ్డుకు దిగే వాలులో బ్రేకు తొక్కాను. చప్పుడు లేదు, గుంజుడు లేదు. మెత్తగా ఆగింది.

అక్క కుండను నాకిచ్చి కిందికి దిగింది. నీళ్ల వైపు పోలేదు. కారు ముందు నుంచి చుట్టి వచ్చి, కుడి చక్రం దగ్గర కూర్చొని చెయ్యి ఆనించింది. లేచి ఎడమ వైపుకొచ్చి కూర్చుంది.

"రెండు ఒక్క తీరుగనే ఉన్నయిరా. జరం లేదు" అంది.

చెయ్యి మాత్రం తియ్యలేదు.