ఒక్కతీరు బొట్లు

మా సార్ పోయారని మంగళవారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. సార్ వాళ్ల ఊరు లింగసుగూరు బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

రాయచూరు ఫార్మసీ కాలేజీలో ఆయన నా గైడ్. ఆయనకు ఏళ్ల తరబడి వణుకు జబ్బు. గోలీ వేసుకుంటే కాసేపు చేతులు కుదురుగా ఉండేవి, మందు బలం తగ్గగానే మళ్లీ మొదలు. ఆ ఎగుడుదిగుళ్లు లేకుండా, ఒంట్లో మందును కొంచెం కొంచెంగా వదిలే జెల్ రేణువులు తయారుచేయాలన్నదే ఆయన పట్టుదల.

ఆ పనేమిటో మీకు రెండు మాటల్లో చెబుతాను. అరచేతిలో పట్టే పలకలో వెంట్రుకంత సన్నని దారులుంటాయి. ఒకదాంట్లో మందు కలిపిన ద్రవం, పక్కదాంట్లో నూనె. రెండూ కలిసేచోట నూనె ఆ ద్రవాన్ని నొక్కి బొట్లుగా తెంపుతుంది. అవి గట్టిపడితే రేణువులు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే మందు ఒక్కతీరుగా రాదు. నేను తొందరపడి పంపు వేగం పెంచితే ఊరుకునేవారు కాదు.

“ఏంది బిడ్డా, మీ సిరవార కాలువ అనుకున్నవా, గేటెత్తంగనే దుంకనీకె? మెల్లగ రానియ్యి.”

నాకున్న కాస్త ఓపిక ఆయన పెట్టిన భిక్షే.

వణుకు మొదలైతే కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చునేవారు. సిరంజి నాకిచ్చి, “నా చెయ్యి ఆడితె ఆడనీ, అండ్ల బొట్టు ఆడొద్దు,” అని నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు. అంతటి మనిషి మీద ఆ జబ్బు పెత్తనం చూస్తే ఒళ్లు మండేది.

ఆయన మంచం పట్టాక, కిందటి నెల చూడబోయాను. రేణువులన్నీ ఒకే సైజులో రావడం ఆ వారమే మొదటిసారి. మైక్రోస్కోపు ఫోటో ఫోన్లో చూపించాను. చాలాసేపు చూశారు.

“గాజుగిన్నెల ఏసి చూసినవా? మందు ఎట్ల వస్తుంది?”

“సమానంగానే వస్తోందండి సార్, రోజంతా.”

“మనిషికి ఎప్పుడియ్యొచ్చు?”

ఇంకా ఏళ్లు పడుతుందని ఆయనకు తెలియదా? నాకు నేర్పిందే ఆయన. ఫోన్ సంచిలో పెట్టేశాను.

“పోనియ్ తియ్. గాజుగిన్నెకైతె జబ్బు నయమాయె,” అన్నారు.

మేడం గోలీ, నీళ్లు తెచ్చారు. “గింత ఆగు,” అని ఆమెను ఆపి, నన్ను దగ్గరికి పిలిచారు. వంగితే తల మీద చెయ్యి పెట్టారు. కుదురుగా ఉంచాలని గట్టిగా అదిమారు. నిలవలేదు. ఆ వణుకు నా దవడల దాకా దిగింది. ఆయన చెయ్యి తీయలేదు, నేను తల ఎత్తలేదు. మేడం గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డారు.