బర్రెకు బకెట్, నాకు పిడికెడు

ఆ ఏడు మా ఇంట్లో ఇద్దరం కడుపుతో ఉన్నాం. నేను, మా బర్రె. ఇద్దరిలో బర్రెకే మర్యాద ఎక్కువ.

పొద్దున్నే మా అత్త దానికి బకెట్ నిండా తవుడు కలిపేది. పల్లిచెక్క నానబెట్టేది. చెరుకు నరికే రోజుల్లో పచ్చటి కొసలు ఏరి తెచ్చి మరీ మేపేది. మెడ నిమురుతూ, "తినవే తల్లీ, కడుపుల దూడకు పెట్టద్దా?" అని బతిమాలేది. ఆ తరువాత వంటింట్లోకి వచ్చి నా కంచంలో పిడికెడు అన్నం పెట్టి, గిన్నె మీద మూత వేసేది.

"సాలు. బిడ్డ పెద్దగైతే కానుపుల నువ్వే సస్తవ్."

నేను నిజామాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయి ఎడపల్లి పక్కన ఈ ఊరికి వచ్చేదాకా అన్నం గిన్నెకు కాపలా ఉంటుందని నాకు తెలియదు. బొప్పాయి పేరెత్తకూడదు. నువ్వులు వేడి, అరటిపండు సలవ. ఇక మిగిలింది గాలి. గ్రహణం రోజు కిటికీలు మూసి అదీ ఆపేశారు.

నా ఫోన్‌లో ఒక యాప్ ఉండేది, బిడ్డ ఎంత పెరిగిందో వారం వారం చెప్పేది. గుండె కొట్టుకోవడం మొదలయ్యేనాటికి బిడ్డ కందిగింజంతే ఉంటుందట. మూడో నెలకు చేతులకు వేళ్లు, వేళ్లకు గోళ్లు. లోపల గోళ్లెందుకు, ఎవరిని గీరడానికి అని మా ఆయనను అడిగితే, "మా అమ్మనేమో" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన చేసిన తప్పులన్నీ వారం పాటు మాఫ్ చేశాను. ఆయనకు బోధన్‌లో ఎరువుల దుకాణంలో పని. సాయంత్రం ఇంటికి వస్తూ ఉడికించిన గుడ్లు హెల్మెట్‌లో దాచి తెచ్చేవాడు. ఒకసారి దారిలో పోలీసులను చూసి హెల్మెట్ పెట్టుకున్నాడు. ఆ రోజు గుడ్డు నాకు దక్కలేదు, ఆయన జుట్టుకు దక్కింది.

ఐదో నెల దాటాక బిడ్డకు చప్పుళ్లు వినబడతాయని యాప్ చెప్పింది. పాపం, అది మొదట విన్నది నా పేగుల గోలే అయి ఉంటుంది.

ఏడో నెల స్కానింగ్‌లో డాక్టరమ్మ నవ్వలేదు. "నెలలకు తగ్గ బరువు లేదమ్మా. అసలేం తింటున్నవ్?" అని అడిగింది. చెప్పాను. ఆమె కలం పక్కన పెట్టింది. బిడ్డకు ఒళ్లు పట్టేది, మెదడు బాగా పెరిగేది ఈ నెలల్లోనే అంది. ఇలాగే ఉంటే నెలలు నిండకముందే తీయాల్సి రావచ్చంది. బిడ్డకు రక్తం సరిగా అందుతోందో లేదో చూడాలి, రెండు రోజుల తరువాత మళ్లీ రమ్మంది. భయమేస్తే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది.

ఇంటికి చేరేసరికి అత్త తవుడు కలుపుతోంది. బకెట్ లాగేసుకున్నాను.

"బిడ్డ పెరుగుతలేదట! బర్రెకు పెడతవ్, నాకు పెట్టవా? నన్ను గూడ బర్రెననుకో అత్తమ్మా, గీ బకెట్ నాకే ఇయ్యి!"

ఆమె బకెట్ కోసం చెయ్యి చాచలేదు. బర్రె వైపే చూస్తూ నిలబడింది.

"బర్రెకు దూడ అడ్డం తిరిగితే పశువుల డాక్టరొస్తడు. నాకెవ్వలొచ్చిండ్రు?" అంది. "నా మొదటి పిలగాడు పెద్దగ ఉండె. రెండు దినాలు నొప్పులు పడ్డ. బయటికెల్లలే. ఎల్లినంక ఏడ్వలే. మస్తు తిన్నది, గందుకే పెద్దగైండు అన్నరు అందరు. నా తిండికే పొయిండు వాడు."

మా ఆయనకు ఒక అన్న ఉండేవాడని నాకు అప్పటిదాకా తెలియదు. బకెట్ ఆమె ముందు పెట్టేశాను. కోపం మాత్రం పోలేదు, దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ఆ రెండు రోజుల్లో పిడికెడు పిడికెడున్నర అయింది. అంతే. నా మాటకు ఇక కదలదని, మూడో రోజు ఆమెనే ఆసుపత్రికి వెంటబెట్టుకుని పోయాను. లోపల డాక్టరమ్మకు ఆ మొదటి బిడ్డ సంగతి చెప్పాను. ఆమె స్క్రీన్‌ను అత్త వైపు తిప్పింది. అందులో నాకెప్పుడూ మసక తప్ప ఏమీ కనబడేది కాదు. అత్తకు కనబడింది. తల, ముక్కు, పిడికిలి.

"గదేం జేస్తుంది డాక్టరమ్మా, నోట్ల ఏదో పెట్టుకున్నది?"

"బొటనవేలు చప్పరిస్తున్నదవ్వా. బయటికొచ్చినంక పాలు తాగాలె గద, ఇప్పట్నుంచే నేర్చుకుంటది. అందరు చేస్తరు."

అందరూ చేస్తారన్న మాట అత్త చెవికెక్కలేదు. "ఆకలైతుంది దానికి," అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆకలైతుంది. నేనే పెట్టలే."

డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "రక్తం మంచిగనే అందుతున్నది, ఇప్పటికైనా పెట్టు. పెద్దగైతే ఆపరేషన్ ఉన్నది, మేమున్నం. నీ పిలగాడు నువ్వు తిన్నందుకు పోలేదవ్వా. కానుపు తెలిసినోళ్లు దగ్గర లేక పొయిండు."

అత్త మళ్లీ చెప్పమంది. డాక్టరమ్మ మళ్లీ చెప్పింది.

బయటికి వచ్చాక అత్త నన్ను ఎదుటి హోటల్లో కూర్చోబెట్టి రెండు ప్లేట్ల ఇడ్లీ తెప్పించింది. ఆమె కూడా తింటుందేమో అనుకున్నాను. రెండూ నా ముందుకే జరిపి, నేను ఆఖరి ముక్క మింగేదాకా కన్నార్పలేదు. ఆ రోజు నుంచి నా మేత ముందు బర్రె మేత దిగదుడుపు. నాకంటే ముందే అది ఈనితే, జున్ను మొత్తం నా చేతనే తినిపించింది. చాలంటే తిట్లు.

నెలలు నిండాకే ఆడపిల్ల పుట్టింది. నర్సు మిషన్ మీద పెట్టి, రెండు కిలోల ఏడు వందలు అంది. అత్త పిల్లను రెండు చేతుల్లోకి తీసుకుంది. నర్సు మాట మీద నమ్మకం లేనట్టు తనే కాస్త పైకీ కిందికీ ఆడించి బరువు జోకి చూసింది.

"మంచిగున్నది," అంది. నా వైపు వంగి, నాకు మాత్రమే వినబడేలా అంది: "వాడు ఇంకింత బరువుండె. చేతులకు యాదికున్నది."