ఊడిన గోరుకు అరవై రూపాయలు

ముందు పోయినవి రాస్తాను. మాఘం నుంచి వైశాఖం దాకా నాలుగు నెలల్లో ఊడిపోయిన గోళ్ళు డెబ్బై మూడు. గోరుకు అరవై చొప్పున జీతంలో కోత 4,380 రూపాయలు. ఊడినచోట మళ్ళీ పెట్టి రావడానికి బస్సులకీ ఆటోలకీ 1,140. అందుకు పోయిన సెలవు మంగళవారాలు ఆరు. చెల్లెలి పెళ్ళికి కూడా మిమ్మల్నే పిలుస్తామని చెప్పి, పిలవని పెళ్ళివారు ఇద్దరు. ఈ చివరిదానికి ఖరీదు కట్టడం నాకు చేతకాలేదు. అది వదిలేస్తే డబ్బు రూపంలో పోయింది 5,520.

ఇందులో నాది ఒక్క రూపాయీ లేదు. ఏలూరులో మా పైవాటాలో అద్దెకుండే అమ్మాయిది. ఊరు కొల్లేటికోట, వయసు ఇరవై నాలుగు. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో పొట్టు వలుస్తుంది. ఈ అమ్మాయి విజయవాడలో మూడు నెలలు గోళ్ళ పని నేర్చుకుని, ఏలూరులో ఒక బ్యూటీ పార్లర్లో చేరింది. సొంత గోరు మీద జెల్‌తో పొడుగు గోరు కట్టి, చిన్న లాంపు కింద గట్టిపరిచి, రంగు వేసి, రాళ్ళు అతికిస్తుంది. పది వేళ్ళకీ కలిపి 1,800.

వైశాఖం చివర్లో ఒక సాయంత్రం అద్దె ఇవ్వడానికి వచ్చి, మెట్ల మీదే కూర్చుండిపోయింది.

"పిన్నిగారూ, ఒకటో తారీకు నుంచి నన్ను గోళ్ళ కుర్చీలోంచి తీసేస్తానన్నారండీ మేడమ్ గారు. కనుబొమలు తియ్యడానికి వెయ్యమన్నారు. జీతం ఏడున్నర వేలు. కమీషను ఉండదు."

"ఎందుకని?"

"నా చేతి పని నిలబడట్లేదంటున్నారండీ. నేను పెట్టిన గోళ్ళే ఊడుతున్నాయంట."

నేను చదివింది ఏడో తరగతి. పెళ్ళయిన కొత్తలో మా ఆయన కొల్లేటి పక్కన చెరువు కౌలుకు తీసుకున్నారు. మేత బస్తాలు, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయి, ఏ రోజు ఎన్ని చచ్చి తేలాయి, ఇవన్నీ రాసీ రాసీ లెక్క పట్టుబడింది. చెరువులో రొయ్య తేలితే అందరూ ముందు కాపలా మనిషిని తిడతారు. మా ఆయన మాత్రం ముందు పుస్తకం తియ్యమనేవారు. ఏ రోజు, ఏ మూల, ఎన్ని, ఆ ముందు రోజు ఏం వేశాం, ఇవి రాశాకే ఎవరినైనా అనాలని ఆయన పద్ధతి. అందుకే ఆ అమ్మాయిని అడిగాను, ఊడిన గోళ్ళు ఎక్కడైనా రాసుకున్నావా అని.

రాసుకుంది. పాత స్కూలు నోటుబుక్కులో తను చేసిన ప్రతి మనిషి, ఊరు, తేదీ, ఊడితే ఏ రోజు, ఏ చెయ్యి, ఏ వేలు. కోత వేసినప్పుడు తప్పు లెక్క వెయ్యకుండా ఉండాలని రాసుకుందట. అది చూశాక నాకు కాఫీ కూడా గుర్తురాలేదు.

ముందు దాని జీతం ఎలా నడుస్తుందో తెలుసుకున్నాను. నెలకు తొమ్మిది వేలు. దాని చేతి మీద అయిన బిల్లు ఇరవై ఏడు వేలు దాటితే, దాటిన దాని మీద పది శాతం. అంటే మొదటి పదిహేను జతల చేతులు పార్లరుకి. పదహారో జత నుంచి జతకి 180, అంటే గోరుకు పద్దెనిమిది. పది రోజుల్లో గోరు ఊడితే ఉచితంగా మళ్ళీ పెట్టాలి, పైన అరవై కోత. నిలబడిన గోరు పద్దెనిమిది ఇస్తుంది, ఊడిన గోరు అరవై తీసుకుంటుంది. ఒకటి ఊడితే మూడు నిలబడినా పూడదు.

ఆ నాలుగు నెలల్లో బాగా నడిచిన నెలలో బిల్లు 68,400. కమీషను 4,140. జీతంతో కలిపి 13,140. ఆ నెలలో ఊడినవి ఇరవై ఆరు, కోత 1,560. మిగిలింది 11,580. రోజుకు పది గంటలు, నెలకు ఇరవై ఆరు రోజులు. గంటకు నలభై నాలుగున్నర.

"పోయిన ఆషాఢంలో ఎంత వచ్చింది?" అన్నాను.

"ఆషాఢంలో ఏముంటాయండీ, పెళ్ళిళ్ళుండవు కదా. అందరూ ఇంట్లో గోరింటాకు రుబ్బుకుంటారు. ఒట్టి తొమ్మిది వేలే."

ఇంకా చాలా అడిగాను. తాడేపల్లిగూడెంలో ఇదే పని పదిహేను వందలట, విజయవాడలో రెండున్నర వేల పైనట. పని ఒకటే, ఊరు మారితే రేటు మారుతుంది. అదనంగా అతికించే రాయి ఒక్కోటి ఇరవై రూపాయలు. కాబట్టి మాటకారితనం ఉన్న పిల్ల రాళ్ళు ఎక్కువ అతికిస్తుంది. టిప్పు చేతికిస్తే పిల్లది. కౌంటరు మీద అట్టకి స్కాన్ చేస్తే పార్లరుది.

"ఇప్పుడు చేతికి ఎవరిస్తారండీ పిన్నిగారూ, అందరూ స్కానేగా. యాభై రూపాయలు నాకు చూపించి మరీ మేడమ్ గారికి పంపుతారు."

ఇక ఊడిన వాటి సంగతి. నా మొదటి అనుమానం నీళ్ళ మీదకి పోయింది. కొల్లేటి వైపు ఆడవాళ్ళ చేతులు ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటాయి. నోటుబుక్కు కాదంది. కొల్లేటికోటలో సొంత చెరువున్న ఒకావిడ, రోజూ మేత ట్రే పైకెత్తి రొయ్యలు చూసుకునే మనిషి, ఇరవై నాలుగు రోజులు పది గోళ్ళూ నిలబెట్టుకుంది. రెండో అనుమానం అన్నం కలిపే చెయ్యి. కుడి చేతికి ముప్ఫై ఏడు, ఎడమ చేతికి ముప్ఫై ఆరు. అదీ కాదు. ఊళ్ళవారీగా విడదీశాను. ఏలూరు, దెందులూరు, గూడెం, దేనికీ పొంతన లేదు.

చివరికి మనుషుల్ని విడదీశాను. మామూలుగా వచ్చిన వాళ్ళు తొంభై ఆరు మంది. వాళ్ళవి తొమ్మిది వందల అరవై గోళ్ళు, ఊడినవి పన్నెండు. పెళ్ళికూతుళ్ళు పద్నాలుగు మంది. వాళ్ళవి నూట నలభై గోళ్ళు, ఊడినవి అరవై ఒకటి.

"పెళ్ళికూతుళ్ళకి కంగారుగా చేస్తావా?"

"లేదండీ. వాళ్ళకే ఇంకో అరగంట ఎక్కువ తీసుకుంటాను."

ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. శ్రద్ధ పెట్టిన చోటే ఎక్కువ ఊడటం ఎలా కుదురుతుంది? మర్నాడు తాడేపల్లిగూడెంలో ఒక పెళ్ళికూతురికి చెయ్యాలని చెబితే, నేనూ వస్తానన్నాను. రైల్లో ఆ అమ్మాయి నవ్వింది.

"మిమ్మల్ని ఎవరని చెప్పనండీ వాళ్ళకి?"

"లాంపు మోసే మనిషినని చెప్పు."

మేము వెళ్ళేసరికి మధ్యాహ్నం నాలుగయింది. పెళ్ళికూతురు రెండు చేతులూ చాచుకుని కూర్చుంది. పొద్దున పెట్టిన మెహందీ గీకేసి, ఒకావిడ చేతులకి ఏదో మర్దన చేస్తోంది. ఆవిడదీ ఏలూరే. వన్ టౌన్‌లో ముస్లిం కుటుంబం, తల్లి దగ్గర నుంచీ ఇదే పని. సీసా మూత తీసేసరికి గది అంతా ఘాటు.

"ఏంటమ్మా రాస్తున్నారు?" అన్నాను.

"నీలగిరి తైలమండీ. దీని పైన కొబ్బరి నూనె. రేపటికి నల్లగా పండుద్దండీ."

"రాయకపోతే?"

"ఎర్రగా ఉండిపోద్దండీ. పండకపోతే మొగుడికి ప్రేమ లేదంటారు. అంటే పెళ్ళికొడుకుని అనరు కదండీ, నన్నే అంటారు."

పెళ్ళికూతురు పకపకా నవ్వింది. నేను వేళ్ళ వైపు చూస్తున్నాను. నూనె గోటి అంచుల్లో, చర్మం మడతల్లో నిలబడి మెరుస్తోంది. తర్వాత మా అమ్మాయి కూర్చుని దూదితో గోళ్ళు తుడిచింది. మామూలు మనిషికి ఒక దూది చాలుతుందని నాతో రైల్లోనే చెప్పింది. ఇక్కడ తొమ్మిది దూదులు పట్టాయి. తొమ్మిదోది కూడా పసుప్పచ్చగానే వచ్చింది.

మెహందీ ముందా, గోళ్ళు ముందా అన్నది నోటుబుక్కులో లేదు. ఇంటికొచ్చాక నోటుబుక్కులోని పద్నాలుగు మంది పెళ్ళికూతుళ్ళకీ ఫోన్లు చేశాం. కాపురాలు పెట్టుకున్న పిల్లలు, కొందరు ఎందుకని అడిగారు, ఒకమ్మాయి డబ్బు వెనక్కిస్తారా అని అడిగింది. నూనె పడ్డాక గోళ్ళు పెట్టుకున్నవాళ్ళు తొమ్మిది మంది. తొంభై గోళ్ళలో యాభై ఎనిమిది ఊడాయి. గోళ్ళు ముందు పెట్టుకుని మెహందీ తర్వాత పెట్టుకున్నవాళ్ళు ఐదుగురు. యాభై గోళ్ళలో మూడు ఊడాయి. పెళ్ళివారు గోళ్ళు ఆఖరుకి ఎందుకు ఉంచుతారో అప్పుడే తెలిసింది. ముందు పెడితే మంగళస్నానం పసుపు వాటికి పడుతుందని వాళ్ళ భయం.

కాగితం పట్టుకుని పార్లరుకి వెళ్ళాను. యజమానురాలు నలభై ఏళ్ళ మనిషి. కౌంటరు దగ్గర బిల్లులు కొడుతూనే మాట్లాడుతుంది. నా అంకెలన్నీ ఓపిగ్గా చూసింది.

"లెక్క బానే ఉందండీ. కానీ నూనె సంగతి ఫోన్లో వాళ్ళు చెప్పిందేగా. ఆ పిల్లకి మీరు పిన్నిగారు, మీరు దాని వైపే మాట్లాడతారు."

"పోనీ మీ చెయ్యే ఇవ్వండి. ఎడమ చేతికి మెహందీ పెట్టించుకుని నూనె రాయించుకోండి. కుడి చేతికి వద్దు. మర్నాడు రెండు చేతులకీ ఈ అమ్మాయే గోళ్ళు పెడుతుంది."

ఆవిడ బిల్లులు పక్కన పెట్టి, "ఒక చేతికే మెహందీ ఏంటండీ, అందరూ ఏమనుకుంటారు" అంది. ఆ తర్వాత, "సరే, ఆ మెహందీ ఆవిణ్ణి రమ్మనండి. నాక్కూడా తెలుసుకోవాలనుంది" అంది.

చెరువులో కొత్త మేత వస్తే మేము ఇలాగే ఒక మూల వేసి చూసేవాళ్ళం. పది రోజులు గడువు పెట్టుకున్నాం. ఆ పది రోజులూ అమ్మాయి అన్నం సరిగ్గా తినలేదు. కుడి చేతివి ఊడితే ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఒకటో తారీకు ఆ గడువు మధ్యలోనే వచ్చింది. గడువు ముగిసేదాకా కుర్చీ మార్చొద్దని అడిగితే, ఆగడానికి ఒప్పుకుంది ఆవిడ.

ఐదో రోజు ఫోను వచ్చింది.

"ఏవండీ, బిల్లు కొడుతుంటే ఊడిందండీ. ఎడమ చేతి చూపుడు వేలు."

ఏడో రోజు ఇంకో రెండు, తొమ్మిదో రోజు ఇంకొకటి. ఎడమ చేతికి నాలుగు పోయాయి. కుడి చేతివి ఐదూ నిలబడ్డాయి. పదో రోజు నేను వెళ్ళేసరికి ఆవిడ ఎడమ చెయ్యి చున్నీ కింద పెట్టుకుని కూర్చుంది.

"గోళ్ళ కుర్చీ దానిదేనండీ. ఇక మీద పెళ్ళికూతుళ్ళకి గోళ్ళే ముందు. నూనె పడిన చేతికి చెయ్యాల్సి వస్తే కోత ఉండదు."

మెహందీ ఆవిడ కూడా ఒప్పుకుంది, కానీ ఊరికే కాదు. పార్లరుకి వచ్చే పెళ్ళివారికి తన నంబరు ఇవ్వాలంది.

"గోళ్ళ చుట్టూ నూనె ఆపుతానండీ, దూదితో రాస్తాను. పొడుగు గోళ్ళున్న వేళ్ళకి పెట్టాలంటే నాకు అరగంట ఎక్కువ పడుద్ది మరి. దానికి ఎవరిస్తారండీ?"

న్యాయమే. రెండు పనులూ ఆ పది వేళ్ళ మీదే. ఇప్పుడు ఆవిడ పెళ్ళివారిని మూడు వందలు ఎక్కువ అడుగుతోంది, ఇస్తున్నారు.

మిగిలింది అయిపోయిన కోతల సంగతి. మొత్తం డెబ్బై మూడూ నేను అడగలేదు. మామూలు వాళ్ళవి పన్నెండు, గోళ్ళు ముందే పెట్టుకున్న పెళ్ళికూతుళ్ళవి మూడు, ఆ పదిహేనూ అమ్మాయి చేతి లెక్కలోనే ఉంచాను. తొమ్మిది వందలు దానికి పోవాల్సిందే. యాభై ఎనిమిదికి 3,480, ఆ తొమ్మిది మంది ఇళ్ళకి మళ్ళీ తిరిగిన ఛార్జీలు 860. మొత్తం 4,340 అడిగాను. ఆరు మంగళవారాల ఊసు ఎత్తలేదు.

"నూనె నేను రాయలేదు కదండీ," అంది యజమానురాలు.

"ఆ అమ్మాయి కూడా రాయలేదు కదండీ."

ఆవిడ రెండు వేలు అప్పటికప్పుడు ఫోన్లో పంపింది. మిగతాది చూస్తానంది. దసరాకి ఇంకో ఐదు వందలు వచ్చాయి. కార్తీకంలో పెళ్ళిళ్ళు మొదలయ్యాక అమ్మాయి బిల్లు బాగా పెరిగింది, ఊడేవి నెలకు రెండో మూడో. వాళ్ళమ్మ ఒకసారి కొల్లేటికోట నుంచి వచ్చి, కూతురు కూర్చునే కుర్చీ చూసి, తనకి గోళ్ళు మాత్రం వద్దని వెళ్ళింది.

"వదిలెయ్యండి పిన్నిగారూ, ఇప్పుడు బాగానే చూసుకుంటున్నారు కదండీ," అంటుంది అమ్మాయి.

యజమానురాలు రైతు బజారులో కనిపించినప్పుడల్లా తనే ముందు పలకరిస్తుంది. "ఆయ్, గుర్తుందండీ, ఇస్తాను" అంటుంది. గుర్తున్న మాట నిజమే, ఎంతో కూడా తనే చెబుతుంది. ఈ రోజుకి రావలసింది 1,840 రూపాయలు.