పడవ కప్పుకి నేను బిగించిన తాళ్ళు

మొన్న మనవడి కారులో బందరు వెళ్తుంటే, హైవే మీద మా ముందు ఒక ట్రాక్టరు వెనక తొట్టిలో చేపల పడవని వేసుకుని పోతోంది. పడవ మీద కప్పిన గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఆ చప్పుడు వినలేక, దాటి పోనీరా, త్వరగా దాటి పోనీ అని వాణ్ణి ఊపిరి తీసుకోనివ్వలేదు. తాతయ్యకేమొచ్చిందో అనుకుని ఉంటాడు. కాలవగట్ల మీద మనుషులు తాడు పట్టి పడవలు లాగిన రోజులు చూసిన మీబోటివాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు, గుడివాడలో బడిపంతులుగా చేరి ఏడాది కూడా కాలేదు. ఉయ్యూరులో మా పిన్ని ఇంటికి వెళ్ళిన అమ్మకి జ్వరం వచ్చి, గుండెల్లో నెమ్ము చేరింది. బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళమనీ, దారిలో ఒక్క చుక్క తడి తగలకూడదనీ అక్కడి డాక్టరుగారు మరీమరీ చెప్పారు. బండి కుదుపులకి ఆవిడ ఆగదని పడవ మాట్లాడాను. శ్రావణమాసం, ఆకాశం చూస్తే నల్లగా ఉంది. మా ఇల్లు బందరులోనే, అక్కడ కాలవ రేవులో నాన్నగారు ఎదురుచూస్తున్నారు.

ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు భుజాన వేసుకుని లాగుతుంటే సరంగు చుక్కాని దగ్గర కూర్చున్నాడు. వెదురుబద్దల మీద కేన్వాసు గుడ్డ కప్పి, అంచుల్ని జనుము తాళ్ళతో కాస్త వదులుగానే కట్టారు. ఎదురుగాలికి ఆ గుడ్డ కొట్టుకున్నప్పుడల్లా అమ్మ ఉలిక్కిపడి దగ్గేది. నాకు కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే కుదురు లేదు. చివరికి ఒక్కొక్క తాడే విప్పి, బలమంతా పెట్టి బిగించి ముళ్ళేశాను.

“బాబుగారూ, అంత బిగించమాకండి. తడిస్తే తాడు ముడుచుకుపోద్దండీ, గుడ్డ ఆగదు,” అన్నాడు సరంగు. చదువుకున్నవాణ్ణి, నాకు చెప్పొచ్చాడు! అతను లేచి వచ్చి వదులు చేసి వెళ్ళాడు. అతను అటు తిరగ్గానే నేను మళ్ళీ బిగించాను.

సగం దూరం వచ్చామో లేదో వాన అందుకుంది. తాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. కాసేపటికి నా ముళ్ళ దగ్గర మొదలై గుడ్డ నడిమికంటా పర్రున చిరిగింది. నీళ్ళు ధారగా అమ్మ పక్క మీద పడ్డాయి. సరంగు చాప అందుకుని, దాన్ని రెండు చేతులా ఎత్తిపట్టి, బందరు దాకా ఆవిడ మీద వంగి నిలబడ్డాడు. లాగేవాళ్ళలో ఒకడు చుక్కాని పట్టాడు. వాడి చోట తాడు నా భుజాన వేసుకుని, ఆ బురదలో ఏడుస్తూ లాగాను.

రేవులో తడిసి వణికిపోతున్న అమ్మని చూసి నాన్నగారు, చింకిగుడ్డ కట్టి మనుషుల ప్రాణాలతో ఆడుకుంటావా అని నలుగురూ వింటుండగా సరంగు మీద విరుచుకుపడ్డారు. అతను నావైపు చూశాడు. నేను చెబుతాననుకున్నాడు కాబోలు. అమ్మని లేవదీసే పనిలో ఉన్నట్టు తల వంచుకున్నాను.

“తప్పయిపోయిందండీ,” అని అతనే అన్నాడు.

అమ్మ నెల్లాళ్ళు చావుబతుకుల్లో ఉండి బయటపడింది. ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. నాన్నగారు మాత్రం మా వీధివాళ్ళెవరినీ మళ్ళీ ఆ పడవ ఎక్కనివ్వలేదు. పోయేదాకా ఆయనకి నిజం చెప్పలేకపోయాను, సిగ్గులేనివాణ్ణి. సరంగుకైనా చెప్పుకుందామని రెండు మూడుసార్లు రేవుకి వెళ్ళి, అతను కనబడగానే పక్కకి తప్పుకున్నాను. ఇంతలో బస్సులు పెరిగాయి, పడవలు ఒక్కొక్కటే మూలపడ్డాయి, కాలవంతా గుర్రపుడెక్క అల్లుకుపోయింది. ఈమధ్య ఆ గట్టు మీద నిలబడి, ఆ తప్పు నాదేనయ్యా అని గట్టిగా అరవాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఎవరిని పిలిచి చెప్పను? అతని పేరైనా నేను అడగలేదు.