పాయసం రాకముందే లేచిన పంక్తి

పోయిన ఏడాది మా అక్క కూతురి పెళ్లి తిరుపతిలో జరిగింది. మగపెళ్లివారి పంక్తిలో నెయ్యి వడ్డించే పని నాది. పెళ్లికొడుకు తాతగారికి వడ్డిస్తుంటే మాటల్లో తెలిసింది, ఆయనకూ నాలాగే యుద్ధ చరిత్రల పిచ్చి అని. ఇంకేముంది, గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఎడారిలో ట్యాంకుల యుద్ధం మీద ఒక పుస్తకం ఉండాది మామా, తప్పకుండా చదవాల," అన్నాను.

"అదేం యుద్ధమమ్మా? కొండల మీద పోరాటం గురించి చదువు. పైనుంచి కాలుస్తాంటే మనోళ్లు ఎట్ల ఎక్కినారనుకున్నావు?" అంటూ, అది చూపించడానికి పప్పన్నం చేత్తోనే దిగ్గున లేచి నిలబడ్డారు.

వాళ్లింట్లో పెద్దాయన లేస్తే పంక్తి అంతా లేవాలి. ఎందుకని అడక్కుండా అందరూ లేచారు. పాయసం బకెట్టుతో వస్తున్న వంటాయన ఉన్నచోటే ఆగిపోయాడు. మగపెళ్లివారు అలిగి లేచినారంట అని క్షణంలో మండపమంతా పాకింది. పెళ్లికూతురి తండ్రి, మా బావ, పరిగెత్తుకొచ్చి చేతులు జోడించాడు.

"ఏం తక్కువైందో చెప్పండి స్వామీ."

"ఏమీ లేదప్పా. మీ మరదలితో పుస్తకాల గురించి మాట్లాడతా ఉండాను," అన్నారు తాతగారు.

లేచిన విస్తరి ముందు మళ్లీ కూర్చోరు కదా. కొత్త విస్తళ్లు వేసి, పప్పు దగ్గర నుంచి మళ్లీ వడ్డించారు. నెయ్యి గిన్నె మాత్రం అక్క నా చేతిలోంచి లాక్కుంది.

యుద్ధాలు ఎలా మొదలవుతాయో పుస్తకాల్లో ఎంతో చదివాను గానీ, కళ్లారా చూసింది ఆ రోజే. ఇప్పటికీ తాతగారు పుస్తకం మార్చుకోవడానికి వస్తున్నారంటే మా బావ అడిగేది ఒక్కటే.

"తినేసి వస్తారంటనా?"