తొట్టి నిండా నీళ్ళు

తాళం వేశాక ఆమె ఒకసారి లాగి చూస్తుంది. నాలుగడుగులు వేసి ఆగుతుంది. వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూస్తుంది. అప్పుడుగానీ ఇంటిదారి పట్టదు.

చర్చి ఊడ్చే పని, తలుపులు తీసి మూసే పని ఆమెది. భర్త ఆ పనిలోనే పోయాడు. ఆయన మెడలోని తాళంచెవి ఆమె మెడలోకి వచ్చింది. సందులో అందరికీ ఆమె తాళాలమ్మ. ఆ పేరు పెట్టింది సొంత అక్కే.

"పరలోకం తాళాలు ఇంకెవరి దగ్గరో ఉన్నాయంట. లేకపోతే అక్కడా వెనక్కి తిరిగొచ్చి లాగి చూసేది మా చెల్లి" అనేది అక్క.

అక్కది చర్చి వెనక సందులో రేకుల గది. బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసేది. తల్లి పోయాక చెల్లిని పెంచింది ఆమే. కుండలో పైది చెల్లికి పెట్టి, అడుగంటింది తను గీక్కుని తినేది. అడిగితే, "మాడిందే నాకు రుచి" అనేది. చర్చికి వచ్చేది కాదు. "నా ఆదివారాలన్నీ మీవాళ్ళ చొక్కాలు తినేశాయి" అనేది.

వానలు మొహం చాటేసి అది మూడో ఏడు. బోరు గాలి కక్కుతోంది. సందుకి నీళ్ళ లారీ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. పొద్దెక్కేసరికి రేకుల మీద వాలిన కాకి కాలు నిలపలేక ఎగిరిపోయేది.

పాస్టరు చిన్నవాడు, మాట మంచిది. ఆ వేసవి అంతా భూమి గురించే చెప్పాడు. భూమి దేవుడిదనీ, మనం కౌలుదారులమనీ, పొగ పెట్టింది ఒకరైతే కళ్ళు మండేది ఇంకొకరికనీ చెప్పాడు. చర్చి ముందు ఒక మొక్క నాటించాడు. మొహం కడుక్కున్న నీళ్ళు తాళాలమ్మ రోజూ దానికే పోసింది. అయినా ఎండిపోయింది.

ఆ ప్రసంగం ఆమె అక్కకి చెప్పింది. అక్క బట్ట మీద నీళ్ళు చిలకరించబోయి, చెంబు ఖాళీ అని చూసి ఆగింది.

"బాగా చెప్పాడు. ఆ ముక్క ఈ రేకులకి కూడా చెప్పమను."

ఆదివారం బాప్తిస్మాలు పెట్టుకున్నారు. శనివారం పొద్దున సంఘపెద్ద మాట మీద ఒక లారీ వచ్చింది. సందు మొగలో బిందెలు పట్టుకు నిలబడ్డవాళ్ళని దాటుకుని చర్చి దగ్గర ఆగింది. వేదిక ముందు చెక్కల కింద ఉన్న, బాప్తిస్మానికి మనిషిని ముంచే తొట్టి నిండింది. తొట్టి గట్టున నిలబడి పాస్టరు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. నీళ్ళిచ్చినందుకు వందనాలు చెప్పాడు, వాన అడిగాడు.

సంఘపెద్ద ఆమె వైపు తిరిగాడు. "గట్టిగా తాళం వెయ్యమ్మా. సందులోవాళ్ళు బిందెలేసుకుని వచ్చిపడతారు. రేపటికి చుక్క తగ్గకూడదు."

ఆమె చెక్కలు కప్పింది. తాళం వేసింది. లాగి చూసింది. నాలుగడుగులు వేసి, వచ్చి మళ్ళీ చూసింది.

మిట్టమధ్యాహ్నం అక్క చెల్లి ఇంటికి వచ్చింది. బాప్తిస్మం తీసుకునేవాళ్ళ తెల్ల అంగీలు ఆమే ఇస్త్రీ చేస్తోంది. మొహం కందిపోయి ఉంది. చెమట పట్టలేదు.

"ఒక్క బిందె ఇవ్వవే. గోనె తడిపి ఒంటికి చుట్టుకుంటా. ఇంకా కొన్ని అంగీలు మిగిలాయి."

"ఇంట్లో తాగే నీళ్ళున్నాయి, ఇస్తానుండు."

సగం చెంబు తెచ్చింది. అక్క గడగడా తాగేసింది.

"ఇది గొంతుకి. ఒళ్ళు కాలిపోతోందే నాకు. ఆ తొట్టిలోవి ఇవ్వు."

"అమ్మో! వాటికి ప్రార్థన అయిపోయిందక్కా. ముట్టుకోకూడదు. రేపు ఆరాధన అవ్వగానే నేనే మోసుకొస్తా, ఎన్ని కావాలంటే అన్ని."

"మీ దేవుడు నీళ్ళ మీద నడిచాడంట కదా. నేను నడవనులేవే, ఒక బిందెడు ఒంటి మీద పోసుకుంటా."

"ఊరుకో అక్కా. పాపం."

అక్క నవ్వింది. చెల్లి మెడలో తాళంచెవిని వేలితో ఒకసారి ఆడించింది. "సరేలే, తాళాలమ్మా. కాపలా కాసుకో" అని వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా బట్ట మాడిన వాసన వచ్చి పక్క గదిలో వడ్రంగి లోపలికి తొంగిచూశాడు. పెట్టె అంగీ మీదే ఉంది. పక్కన అక్క నేల మీద ఉంది.

నర్సు వచ్చి చూసి వడదెబ్బ అంది. "ఒంటి మీద కాసిని నీళ్ళు పోసి ఉంటే..." అని, గోడకి ఆనుకుని కూర్చున్న చెల్లెలిని చూసి ఆగిపోయింది.

పాస్టరు వచ్చి ఆమె పక్కన నేల మీదే కూర్చున్నాడు. దండెం మీద తెల్ల అంగీలు మడత నలగకుండా వేలాడుతున్నాయి. ఆమె అడిగింది.

"అయ్యగారూ, ప్రార్థన చేసిన నీళ్ళు ముట్టుకుంటే పాపమేనా?"

"పాపమేంటమ్మా? అవి మామూలు నీళ్ళే. ఎవరు చెప్పారు నీకు?"

ఆమె గుర్తు చేసుకోడానికి ప్రయత్నించింది. ఎవరూ చెప్పలేదు. నీళ్ళ ముందు ఆయన కళ్ళు మూసుకోవడం చూసింది, అంతే.

"ఎవరూ చెప్పలేదండీ. అక్క వచ్చి అడిగింది. నేను ఇవ్వలేదు."

పాస్టరు తల దించుకున్నాడు. "తాళం వెయ్యమని పెద్దాయన అన్నప్పుడు నేనూ అక్కడే ఉన్నానమ్మా" అన్నాడు.

మర్నాడు తెల్లారగానే ఆమె చర్చి తలుపులు బార్లా తీసింది. తొట్టి మీది చెక్కలు ఒక్కొక్కటీ లాగి గోడకి చేరవేసింది. సందులోకి వెళ్ళి ప్రతి గుమ్మం ముందూ నిలబడి, "బిందెలు తెచ్చుకోండి" అంది. మొదట ఎవరూ కదల్లేదు. వడ్రంగి పెళ్ళాం కదిలింది. ఆ వెనక అందరూ కదిలారు.

తాళాలమ్మ చీర ఎగదోపి తొట్టిలోకి దిగింది. వంగి ముంచి పైకి అందించింది. సంఘపెద్ద వచ్చేసరికి నీళ్ళు ఆమె మోకాళ్ళ కిందికి దిగాయి.

"ఏంటమ్మా ఈ పని? మతి పోయిందా? బాప్తిస్మాలు ఎలా ఇస్తాం ఇప్పుడు?"

"మామూలు నీళ్ళేనంటండీ" అంది ఆమె, తల ఎత్తకుండా.

ఆయన పాస్టరు వైపు చూశాడు. పాస్టరు గుమ్మంలో ఉన్నాడు. చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. గట్టున మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె అందిస్తున్న బిందె అందుకున్నాడు.

అడుగున మిగిలినవి చెంబుతో ఎత్తి ఆమె చివరి బిందె నింపింది. వాటిలో కాస్త మురికి ఉంది. అది అక్కకి. ఒళ్ళు కడిగి, తెల్ల అంగీ ఒకటి తొడగాలి. తొడగొచ్చా అని ఆమె ఎవరినీ అడగలేదు.

బిందె చంకన పెట్టుకుని బయటికి వచ్చింది. తలుపు వేయలేదు. నాలుగడుగులు వేసి ఆగింది. బిందె ఒలికి నడుము తడిసింది. చెయ్యి మార్చుకుని, సందులోకి నడిచింది.